డ్రిల్లు అత్తయ్య, కుజుడి వెనకడుగు

డ్రిల్లు అత్తయ్యకి మనిషి కంటబడితే చాలు, గ్రహాన్ని చేసేస్తుంది. మనవాళ్ళా పరాయివాళ్ళా, చిన్నా పెద్దా అన్న తేడా లేదు. కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషి పానా కింద పెట్టి, బుధుడై, వంటగదిలో స్టూలు చుట్టూ గిరగిరా తిరగాల్సిందే. ఇస్త్రీ బట్టలు తెచ్చినవాడు మూటతో సహా శుక్రుడు. "మూటయినా దించుకోనీయండమ్మా" అంటే, "ఉండనీ, శుక్రుడి చుట్టూ దట్టంగా మబ్బులుంటాయి" అంటుంది. గ్రహచారం బాగోలేకపోతే తప్ప ఆ వీధిలో ఎవరూ ఆ ఇంటి తలుపు తట్టరని ఒక మాట ఉంది.

ఈ పిచ్చి ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా ఉన్న రోజుల్లో, సైన్సు టీచరమ్మ పురిటికని వెళ్ళి మళ్ళీ రాలేదు. హెడ్మిస్ట్రెస్ వచ్చి, "మీ క్లాసులో పిల్లలు నిద్రపోరు కాబట్టి సైన్సు కూడా కొన్నాళ్ళు మీరే చూడండి" అంది. పుస్తకం తెరిస్తే, "గ్రహములు సూర్యుని చుట్టూ పరిభ్రమించును. కుజుడు అప్పుడప్పుడు తిరోగమించునట్లు కానవచ్చును" అని ఉంది. పైకి చదివింది. క్లాసు ఆవులించింది. ఇంకోసారి చదివింది. ఈసారి తనకే ఆవులింత వచ్చింది. పుస్తకం మూసేసి, ఈల ఊది, పిల్లల్ని మైదానంలోకి తోలింది.

అక్కడ పరుగుపందేల కోసం గీసిన సున్నపు గీతలున్నాయి. మధ్యలో ఒక పిల్లని సూర్యుడిగా నిలబెట్టి, లోపలి గీత మీద ఒకర్ని, బయటి గీత మీద ఒకర్ని నడిపించింది. లోపలి పిల్ల చకచకా నడిచి బయటి పిల్లని దాటుతూ కేకేసింది.

"టీచర్! ఇది వెనక్కి పోతోంది! దీని వెనకాలున్న గోడని చూస్తే తెలుస్తోంది!"

బయటి పిల్లకి ఒళ్ళు మండింది. "నేనెందుకు పోతానే వెనక్కి? నువ్వే ఎగిరిపడి దాటావు!"

డ్రిల్లు టీచరు నోట్లోంచి ఈల జారిపోయింది. పుస్తకంలో రాసిన ఆ తిరోగమనమంటే ఇదన్నమాట! ఎవరూ వెనక్కి పోరు. దాటినవాడి కంటికి అలా కనబడతారంతే. ఆ రోజు నుంచి ఆవిడ గ్రహాల్ని వదల్లేదు. ఆ ఏడాది పరీక్షలో కుజుడి ప్రశ్న వచ్చేసరికి పిల్లలందరూ ఒక్కసారిగా లేచి, బెంచీల చుట్టూ ఓ చుట్టు నడిచి, మళ్ళీ కూర్చుని జవాబు రాశారు. కాపలాకొచ్చిన ఆయన ఇదేదో అంటురోగమనుకుని డాక్టరుకి కబురుపెట్టాడు.

ఉద్యోగం అయిపోయాక ఆవిడ తమ్ముడింటి పై గదిలో ఉంటోంది. ఇంట్లో పాత్రలు ఎప్పుడో ఖాయమైపోయాయి. తమ్ముడు కుజుడు. బొజ్జా, నిదానమైన నడకా ఉన్న మనిషి, దేవుడు ఆ పనికే పుట్టించినట్టుంటాడు. తమ్ముడి భార్య సూర్యుడు. ఆవిడకి ఈ ఏర్పాటు మహా ఇష్టం. ఆ ఇంట్లో ఆడమనిషి కూర్చుని చేసే పని అదొక్కటే. చిక్కంతా శనితోనే. పక్కింటి ఆయన్ని ఒకసారి ఎంతో మర్యాదగా, "మీరు శని అండీ" అంది. ఆయన మాటలు మానేశాడు. సర్దిచెప్పబోయి, "పోనీ గురుడవుతారా?" అనడిగితే, అప్పటికే గురుడిగా ఉన్న ఎదురింటి ఆయనకి కోపం వచ్చింది.

ఆవిడలో ఇంకో గుణం ఉంది. ఎవరైనా తప్పు చెబితే నవ్వదు. అలాగని వదలదు కూడా. పక్కన కూర్చుని, ఆ తప్పుని నడిపించి, అదెక్కడ బోర్లాపడుతుందో చూసేదాకా లేవదు. పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు మంత్రిగారు చెప్పినా, మనవడు చెప్పినా ఇదే వరస.

ఈ గుణం తన పీకల మీదికి తెస్తుందని మేనకోడలు కలలో కూడా అనుకోలేదు.

మేనకోడలు, అంటే కుజుడి కూతురు, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. అక్కడే మందులిచ్చే చోట ఒక అబ్బాయి ఉన్నాడు. ఆమె మనుషుల ఎముకలు చదువుతుంది, అతను డాక్టర్ల చేతిరాత చదువుతాడు. ఎవరి పని కష్టమన్న వాదనతో మొదలైన స్నేహం పెళ్ళి మాటలదాకా వచ్చింది. అప్పుడు ఎక్స్‌రే గది బయట బెంచీ మీద కూర్చుని, అబ్బాయి గొంతు సవరించుకున్నాడు.

"ముందే ఒక్క విషయం చెప్పాలి. మా నాన్న భూమి బల్లపరుపు అంటారు."

"సరదాకా?"

"సరదాకైతే చెప్పడమెందుకు?"

"మరి మీరందరూ ఏం చేస్తారు?"

"'అవును నాన్నా' అంటాం. నాకు బుద్ధి తెలిసినప్పట్నించీ అంతే. అమ్మ కూడా 'అవునండీ' అని కూర వడ్డిస్తుంది. గొడవే ఉండదు."

మేనకోడలు చేతిలోని ఎక్స్‌రే పక్కన పెట్టింది. "నేనూ ఒక విషయం చెప్పాలి. మా అత్తయ్యకి 'అవును' అనడం చేతకాదు."

అబ్బాయి తండ్రిని అందరూ మట్టం మేస్త్రి అంటారు. గచ్చులూ పలకరాళ్ళూ పరచడంలో ఆయన్ని మించినవాడు లేడు. మిగతావాళ్ళు జేబులో కలం పెట్టుకున్నట్టు, ఆయన రసమట్టం పెట్టుకుంటాడు. అందులోని చిన్న గాజుగొట్టంలో నీటిబుడగ సరిగ్గా నడిమధ్యకి వస్తే గాని ఆయనకి ఊపిరాడదు. జీవితమంతా నేల మీద బోర్లాపడి బతికిన మనిషి. ఏ గదిలో పెట్టినా బుడగ మధ్యకే వచ్చింది. కాబట్టి భూమి బల్లపరుపు. ఇదీ ఆయన లెక్క.

రెండు కుటుంబాలూ కలుసుకునే రోజు రానే వచ్చింది. మేనకోడలు పై గదికి వెళ్ళి చెయ్యి చాపింది.

"ఈల ఇటియ్యి అత్తయ్యా."

"ఎందుకే?"

"ఇవాళ మా ఇంట్లో మనుషులు మాత్రమే ఉండాలి. గ్రహాలుండకూడదు."

అత్తయ్య మెళ్ళోంచి ఈల తీసి ఇచ్చేసింది. అంత తేలిగ్గా ఇచ్చేసరికి మేనకోడలికి భయం ఇంకాస్త పెరిగింది.

మేస్త్రి వచ్చాడు, కూర్చున్నాడు, టీ వచ్చింది. ఆయన టీకన్నా ముందు బల్లని చూశాడు. జేబులోంచి రసమట్టం తీసి బల్ల మీద పెట్టి, నాలుక చప్పరించి, అట్టముక్క ఒకటి మడిచి బల్లకాలు కింద దోపాడు. బుడగ మధ్యకి వచ్చింది. మేస్త్రి మొహం విచ్చుకుంది.

"బల్లలు వాలతాయండీ. గోడలు వాలతాయి. భూమి మాత్రం వాలదు. పలక పరచినట్టు బల్లపరుపు."

"అవును నాన్నా," అన్నాడు అబ్బాయి గబగబా. "బిస్కెట్లు తీసుకోండి." "అవునండీ," అంటూ మేస్త్రి భార్య బిస్కెట్ల పళ్ళెం ముందుకు జరిపింది. మేనకోడలి తండ్రి కూడా కూతురి మొహం చూసి, "అవునవును," అన్నాడు. అందరి చూపులూ పళ్ళెంలో ఉన్నాయి. మేనకోడలి చూపు మాత్రం అత్తయ్య మీద ఉంది.

అత్తయ్య మేస్త్రినే చూస్తోంది. కప్పు కింద పెట్టింది.

"అయితే మేస్త్రిగారూ, గ్రహాలెలా తిరుగుతాయంటారు?"

"అత్తయ్యా!" అంది మేనకోడలు.

మేస్త్రి కుర్చీలో నిటారుగా అయ్యాడు. "అదేముందండీ! భూమి కింద పలక. ఆకాశం పైన కప్పు. కప్పుకి గుండ్రంగా పట్టాలుంటాయనుకోండి. సూర్యుడూ, చంద్రుడూ, గ్రహాలూ దీపాల్లాగా ఆ పట్టాల మీద తిరుగుతుంటాయి."

"బాగుంది. అందరూ ఒకే దిక్కుకి?"

"ఒకే దిక్కుకి."

"మరి కుజుడు ఎందుకు వెనక్కి నడుస్తాడు?"

"వెనక్కా?"

"చుక్కల మధ్య రోజూ కొంచెం కొంచెం ముందుకు పోతూ పోతూ ఆగుతాడు. కొన్ని వారాలు వెనక్కి వస్తాడు. మళ్ళీ ఆగి ముందుకు పోతాడు. ఎవరైనా డాబా ఎక్కి చూడొచ్చు. మీ పట్టాల మీద దీపం ఎందుకలా చేస్తుంది?"

మేస్త్రి ఆలోచించాడు. "ఏదో మర్చిపోయి ఉంటాడు."

అబ్బాయికి టీ పొలమారింది. మేనకోడలి తండ్రి నవ్వు దాచుకోలేక దగ్గు నటించాడు. అత్తయ్య నవ్వలేదు.

"ఏం మర్చిపోయాడంటారు?"

మేస్త్రి ఆవిడ వంక వింతగా చూశాడు. తన మాట మీద రెండో ప్రశ్న వేసిన మనిషిని చూసి ఆయనకి ఎన్నాళ్ళయిందో. "ఆలోచించాలండీ," అన్నాడు.

"ఆలోచించండి. నేను ఆగుతాను."

పెళ్ళెప్పుడన్న మాట మేనకోడలి తల్లి మెల్లిగా ఎత్తబోయింది. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ లెక్క తేలనీయండమ్మా. సగం గచ్చు వేసి, గోడకి సున్నం కొట్టమంటే కొడతానా? ఒక పని సగంలో ఉండగా ఇంకోటి ముట్టుకోను. వచ్చే ఆదివారం పొద్దున్నే ఆటల హాలుకి రండి. కొత్తది, ఇప్పుడే నేల పరిచాను. అక్కడ తేల్చుకుందాం."

వాళ్ళు వెళ్ళీ వెళ్ళగానే ఇల్లు పీకి పందిరేసినట్టయింది.

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో వాదనెందుకు వదినా?" అంది సూర్యుడు.

"నేను వాదించను. కుందేల్ని పట్టుకు రమ్మంటాను. ఇద్దరం కూర్చుని కాళ్ళు లెక్కపెడతాం."

"అక్కా, ఒక్క 'అవును' అనెయ్యి. మూడక్షరాలు!" అన్నాడు కుజుడు.

"అనను."

మేనకోడలు ఏడుపు ఆపుకుంటూ పై గదిదాకా వెంటపడింది. "నా పెళ్ళికన్నా కుజుడు ఎక్కువైపోయాడా నీకు?"

"కాదే పిచ్చిదానా."

"మరి ఆ ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోతుంది?"

"నాదేం పోదు. ఆయనదే పోతుంది." అంతకన్నా చెప్పలేదు. ఈల తిరిగి ఇమ్మని చెయ్యి చాపింది.

ఆదివారం పొద్దున ఆటల హాల్లో రెండు కుటుంబాలూ చేరాయి. నేల అద్దంలా ఉంది. చుట్టూ గోడలకి వరసగా కిటికీలు. "ఇవి చుక్కలనుకుందాం," అంది అత్తయ్య. మేస్త్రి నేల మీద సుద్దతో ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రాలు గీశాడు. అత్తయ్య ఈల తీసి మేస్త్రి చేతిలో పెట్టింది.

"మీ లోకం. మీరే నడిపించండి."

మేనకోడలు నోరు తెరిచింది. ఆ ఈల సొంత తమ్ముణ్ణి కూడా ఆవిడ ఎన్నడూ ఊదనివ్వలేదు.

మేస్త్రి నడుమ ఒక స్టూలు వేసి మేనకోడల్ని కూర్చోబెట్టాడు. "నువ్వు భూమివి. కదలకు." ఆమె తండ్రి యథాప్రకారం కుజుడు. అబ్బాయి గురుడు. మేస్త్రి భార్య శుక్రుడు. మేనకోడలి తల్లి స్టూలు కోసం వెతుక్కుంటుంటే మేస్త్రి అన్నాడు, "మీరూ నడవాలమ్మా. సూర్యుడు కూడా తిరుగుతాడు."

"నేను నడవడమేంటి?" ఆవిడ కొంగు దోపింది. "వదినా, ఈయన లోకంలో సూర్యుడికి కూడా కూర్చునే యోగం లేదా? నేనీ సంబంధానికి ఒప్పుకోను!"

ఆవిణ్ణి బతిమాలి నడిపించారు. ఈల మోగింది. కుజుడు బొజ్జ మోసుకుంటూ తిరిగాడు. "ఎటు పోతున్నాడు?" అని అత్తయ్య అడిగితే, కిటికీలు చూసి మేనకోడలు చెప్పింది, "ముందుకే." ఇంకో చుట్టు. "ముందుకే." ఎన్ని చుట్లు తిరిగినా ముందుకే.

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "బావగారూ, మీరు నడుస్తూ నడుస్తూ మధ్యమధ్యలో చిన్న సున్నాలు చుట్టండి."

కుజుడు సున్నాలు చుట్టాడు. "వెనక్కొచ్చారు!" అని మేనకోడలు ఎగిరి గంతేసింది. ఆమెకి పెళ్ళి కళ్ళముందు కనబడింది. కుజుడికి మాత్రం కళ్ళముందు ఏమీ కనబడక, గోడ పట్టుకుని కూలబడ్డాడు. అత్తయ్య నిజంగానే చప్పట్లు కొట్టింది.

"బాగా పట్టుకున్నారు మేస్త్రిగారూ. ఇప్పుడు ఇంకొక్కటి."

"అయిపోలేదా?" అంది మేనకోడలు.

"కుజుడు తన ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి రాడు. సూర్యుడు ఈ గోడ వైపుంటే, తను సరిగ్గా ఎదుటి గోడ వైపుకి వచ్చినప్పుడే వస్తాడు. అప్పుడే బాగా పెద్దగా, ఎర్రగా మెరుస్తాడు కూడా. ఒక్కసారీ తప్పలేదు. మరి పట్టాల మీద పోయే దీపానికి, సూర్యుడెక్కడున్నాడో ఎవరు చెబుతున్నారు?"

మేస్త్రి సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. "ఆలోచించాలి," అన్నాడు.

ఆ వారంలో ఒక సాయంత్రం మేనకోడలు పై గదికి వెళ్ళేసరికి అత్తయ్య నేల మీద కూర్చుని ఉంది. ముందు ఒక పళ్ళెం, దాని మీద చొక్కా గుండీలు. వాటిని అటూ ఇటూ జరుపుతోంది.

"ఆయన్ని ఓడించడానికి కొత్త ఎత్తా?"

"కాదే. ఆయన మాట నిలబడే దారేమైనా ఉందేమోనని చూస్తున్నా. మనిషి పట్టుబట్టి చెబుతున్నాడు. నిలబడేదైతే నిలబెట్టొద్దూ?" ఎర్ర గుండీని ఇంకోసారి తిప్పి చూసి, తల అడ్డంగా ఆడించింది. "ఊహూఁ. ఇలా కూడా కుదరట్లేదు."

మేనకోడలు గడప మీదే కూర్చుండిపోయింది. ఇంత శ్రద్ధగా ఎదుటి పక్షం పని చేసిపెట్టే శత్రువుని ఆమె ఎక్కడా చూడలేదు.

మరుసటి ఆదివారం మేస్త్రి తాళ్ళతో వచ్చాడు. "దొరికిందండీ! సూర్యుడు కుజుడికి తాడు కట్టాడు. ఎదుటికి రాగానే ఒక్క గుంజు గుంజుతాడు."

సూర్యుడి చేతికి తాడు, కుజుడి నడుముకి రెండో కొస. "మాకు పెళ్ళయినప్పట్నించీ ఇది అలవాటేనండీ," అన్నాడు కుజుడు.

"గురుడు కూడా అంతే," అని గుర్తుచేసింది అత్తయ్య. "సూర్యుడికి ఎదురుగా వచ్చినప్పుడే వెనక్కి నడుస్తాడు." గురుడికీ ఒక తాడు. "శుక్రుడి సంగతి వేరు. సూర్యుడి పక్కనుంచి దూరం పోనే పోడు. పొద్దుటిపూటో, సాయంత్రం పూటో తప్ప నడిరాత్రి ఆకాశం మధ్యలో ఎవరికీ కనబడలేదు." శుక్రుడికి పొట్టి తాడు.

ఈల మోగింది. సూర్యుడు నడిచింది. కుజుణ్ణి గుంజబోతే గురుడు వచ్చాడు. గురుణ్ణి వదిలితే శుక్రుడు తూలింది. "కాళ్ళకడ్డం! కాళ్ళకడ్డం!" అని అరుస్తూ విశ్వం మొత్తం సూర్యుడి చుట్టూ కుప్పపడింది. అంత గోలలోనూ తాళ్ళు వదలకుండా నడిమధ్య నిలబడింది మేనకోడలి తల్లి ఒక్కతే.

మేస్త్రి ముళ్ళు విప్పుతూ విప్పుతూ ఆగాడు. ఆవిడ చేతుల్లోని తాళ్ళ కొసలు చూశాడు.

"అన్నీ ఈవిడ దగ్గరికే వచ్చాయేంటి?"

మేనకోడలు అత్తయ్య వైపు చూసింది. ఆవిడ నాలుక చివర జవాబు ఉంది. ఆవిడ పెదవి కొరుక్కుని దాన్ని మింగేసింది. చెప్పిందల్లా ఇంతే. "ఈ వారం సాయంత్రాలు డాబా ఎక్కి, శుక్రుడు అస్తమించేటప్పుడు చూడండి మేస్త్రిగారూ. మీ కప్పుకి కట్టిన దీపం ఎలా పోతుందో."

మూడో ఆదివారం మేస్త్రి వట్టి చేతులతో వచ్చాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. అబ్బాయి మేనకోడలి చెవిలో అన్నాడు, "వారమంతా సాయంత్రాలు డాబా దిగలేదు. అన్నానికి పిలిస్తే 'ష్' అంటున్నారు."

"టీచరమ్మగారూ," అన్నాడు మేస్త్రి. "దీపం దూరం పోతుంటే చిన్నదవ్వాలి. నడక మందగించాలి. చుక్కంతై మాయమవ్వాలి. వీధి చివరికి పోయే లాంతరు అలాగే పోతుంది. శుక్రుడు అలా పోవట్లేదండీ. అదే నడకతో తిన్నగా కిందికి దిగి, ఎదుటి మేడ వెనక్కి జారిపోతున్నాడు. నా పలకకి అంచెక్కడో, దాని కిందికెలా దిగుతున్నాడో నాకర్థం కాలేదు. నేలే వంపు తిరిగి ఉంటే తప్ప."

మేస్త్రి స్టూలు దగ్గరికి నడిచాడు.

"అమ్మాయీ, లే."

మేనకోడలు లేచింది.

"తాళ్ళన్నీ సూర్యుడి దగ్గరికే వచ్చాయి కదా. అమ్మా, మీరొచ్చి ఇక్కడ కూర్చోండి."

"హమ్మయ్య," అంటూ సూర్యుడు స్టూలెక్కింది.

"అమ్మాయీ, భూమివి నువ్వే. లోపలి గీత మీద నడువు. కొంచెం చురుగ్గా. బావగారూ, మీరు బయటి గీత మీద, మీ నడకే నడవండి. సున్నాలొద్దు. తాడొద్దు."

ఈల మోగింది. మేనకోడలు నడిచింది, తండ్రిని చూస్తూ, ఆయన వెనకాలి కిటికీల్ని చూస్తూ. ఒక కిటికీ, ఇంకో కిటికీ, ముందుకే పోతున్నాడు. ఆమె ఆయన పక్కకి వచ్చింది. దాటుతోంది.

"నాన్నా! మీరు వెనక్కి పోతున్నారు!"

"నేనా? ముందుకే నడుస్తున్నానే!"

"అమ్మకి సరిగ్గా ఎదుటి వైపున్నారు! బాగా దగ్గరగా, పెద్దగా కనబడుతున్నారు!"

"ఆ పెద్దగా కనబడ్డం దగ్గరవడం వల్లేనా?" అని అనుమానంగా బొజ్జ తడుముకున్నాడు కుజుడు.

మేస్త్రి మేనకోడల్ని పక్కకి జరిపి, తనే ఆ గీత మీద నడిచాడు. దాటాడు. ఆగాడు. మళ్ళీ నడిచాడు. మళ్ళీ దాటాడు. తర్వాత హాలు మధ్యలో నిలబడి, తాను పరిచిన నేలని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశాడు.

మేనకోడలు అబ్బాయి వైపు చూసింది. అయిపోయింది, ఇంత మంది ముందు ఓడిపోయిన మనిషి ఇంక ఈ ఇంటి పిల్లని చేసుకుంటాడా? అబ్బాయికీ అదే భయం పట్టుకుంది. ముందుకురికి, తండ్రి భుజం మీద చెయ్యేశాడు.

"ఇదంతా వదిలెయ్యండి నాన్నా. మీరు చెప్పిందే రైటు. భూమి బల్లపరుపే. అవును నాన్నా..."

"నోరుముయ్యరా!"

హాలు అదిరింది. మేస్త్రి గట్టిగా అరవడం భార్య కూడా ఎప్పుడూ విన్నట్టు లేదు.

"ఏళ్ళ తరబడి అవును నాన్నా, అవునండీ, బిస్కెట్లు తీసుకోండి! నన్ను ఊరుకోబెట్టి తలుపేసేశారు. నేనేమైనా జ్వరంలో పలవరిస్తున్నానా? ఏ ఒక్కరైనా 'కాదు' అన్నారా? 'ఎందుకలా అనుకుంటున్నావు' అని అడిగారా?" ఆయన గొంతు మెత్తబడింది. "గచ్చు పరిచేటప్పుడు వంకర పోతే, పక్కనున్నవాడు వంకర పోయిందని చెప్పాలి. చెప్పకుండా ఊరుకునేవాణ్ణి నేను పనిలోకి తీసుకోను. ఈవిడ చెప్పింది. నవ్వకుండా చెప్పింది. నా లోకాన్ని నా చేతే నడిపించి, ఎక్కడ తిరగబడుతుందో నా కంటితోనే చూడనిచ్చింది."

మేస్త్రి భార్య కొంగుతో కళ్ళొత్తుకుని, అంతలోనే నవ్వేసింది. "నాకు మొదట్నించీ కాదనే ఉండేదండీ."

"మరి చెప్పవేం?"

"కూర చల్లారిపోతుందని."

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. ఆ నవ్వు మీదే పెళ్ళికి రోజు అనేసుకున్నారు. ఎవరి కాళ్ళకీ తాళ్ళు లేకపోవడం వల్ల ఆ పని చిటికెలో అయిపోయింది.

తిరుగుదారిలో మేనకోడలు అత్తయ్య చెయ్యి పట్టుకుని వెనకబడింది.

"ఇదంతా నీకు ముందే తెలుసా?"

"ఏం తెలుసు?"

"ఆయన మనసులో ఇంత ఉందని."

"గ్రహాల సంగతి తప్ప నాకేం తెలుసే?" కొంత దూరం నడిచాక అత్తయ్యే అంది. "ఆ రోజు టీ తాగేటప్పుడు ఆయన మాట్లాడుతుంటే, ఆయన మనుషులే బిస్కెట్లకేసి చూశారు. మనం కూడా అటే చూశాం. మనిషి మాట్లాడుతుంటే బిస్కెట్లకేసి చూస్తారా ఎవరైనా?"

"ఆ మాట నాతో చెబితే నేనంత ఏడ్చేదాన్నా?"

"చెబితే ఆయన్ని చూసి జాలిపడేదానివి. అందరూ చేస్తున్నదదే. 'అవును' అనడం ఎవరికైనా వచ్చు. 'కాదు' అనాలంటే ఆ మనిషి పక్కన కాసేపు కూర్చోవాలి."

మేనకోడలు అత్తయ్య చెయ్యి వదల్లేదు. ఇన్నాళ్ళూ ఈ మహాతల్లి మనుషుల్ని గ్రహాలు చేస్తోందనుకుంది. కుళాయి మనిషిని, ఇస్త్రీ మనిషిని, పక్కింటి శనిని, అందర్నీ పక్కన నిలబెట్టుకుని మాట్లాడిందీ, వాళ్ళు చెప్పేది చివరిదాకా విన్నదీ ఆ వీధిలో ఈవిడ ఒక్కతేనని ఇప్పుడు తోచింది.

పెళ్ళయిన కొత్తలో, చలిగా ఉన్న ఒక సాయంత్రం, రెండు కుటుంబాలూ మేస్త్రి ఇంట్లో టీకి చేరాయి. భూమి గుండ్రమని ఒప్పుకున్నాక మేస్త్రి ఊరంతటికీ అదే చాటుతున్నాడు. మునుపు బల్లపరుపు గురించి ఎంత పట్టుగా చెప్పేవాడో, ఇప్పుడు గుండ్రం గురించి అంత పట్టుగా చెబుతున్నాడు. వేడి కప్పు రెండు చేతుల్తో పట్టుకుని హుందాగా అన్నాడు.

"భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది కదా. తిరుగుతూ తిరుగుతూ చలికాలానికి సూర్యుడికి దూరంగా పోతుంది. అందుకే ఈ చలి."

"అంతే కదండీ," అన్నాడు మేనకోడలి తండ్రి. ఈసారి మనస్ఫూర్తిగానే అన్నాడు. అబ్బాయి తలూపాడు. ఇద్దరు వియ్యపురాళ్ళూ తలూపారు. వినడానికి ఎంతో సబబుగా ఉంది, భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది చలికాలంలోనే అన్న ఒక్క చిక్కు తప్ప. ఇన్నాళ్ళకి ఇంట్లో అందరికీ ఆయన మాట నిజంగా నచ్చింది.

అత్తయ్య కప్పు పైకెత్తి, టీ ఊదుకుంటూ తాగుతోంది. ఒక్క ముక్క మాట్లాడలేదు. కప్పు అంచు మీదుగా మేనకోడలి వైపు చూసిందంతే.

మేనకోడలు గొంతు సవరించుకుంది.

"కాదు మామయ్యా."

అబ్బాయి తల పట్టుకున్నాడు. మేస్త్రి మొహం చేటంతయింది.

"కాదా?" కుర్చీ బరబరా లాక్కుంటూ కోడలి పక్కకి వచ్చి కూర్చున్నాడు. "ఎందుకు కాదో చెప్పు తల్లీ."